ఆకాశపు అరుగు మీది నుండి షికాగో

నూట మూడవ అంతస్తున నిలిచి నాలుగు దిక్కులు చూచినవానికి మేడలకంటె ముందుగా నేలయే కథ చెప్పును. కట్టక విడిచిన తీరము, వెనుకకు త్రిప్పిన నది, రూళ్ళకర్రతో గీచిన వీధులు: ఒక మహానగరపు నిజమైన నిర్మాణములు.

ఊరికొక కొండ యున్నచో ఆ ఊరివారికి కలుగు లాభములలో మొదటిది, తమ ఊరిని తాము చూచుకొనగలుగుట. బెజవాడవారికి ఇంద్రకీలాద్రి యున్నది. విశాఖవారికి కైలాసగిరి యున్నది. భాగ్యనగరము చూడవచ్చినవారు గోలకొండ మెట్లెక్కి బాలాహిస్సారు చేరి, ఆయాసము తీర్చుకొనుచు వెనుదిరిగి చూతురేని, అంతవరకు సందులుగాను అంగళ్ళుగాను మాత్రమే ఎరిగిన పట్టణము ఒక్కసారిగా ఒక రూపము దాల్చి కన్నుల యెదుట నిలుచును. షికాగో నగరమునకు ప్రకృతి ఆ సౌకర్యమును ప్రసాదింపలేదు. మిషిగన్ సరోవరపు నైరుతి తీరమున, కనుచూపు మేర గుట్టగాని మిట్టగాని లేని పచ్చిక మైదానముపై, వాన కురిసినచో బండిచక్రములు ఇరుసుదాక దిగబడు బురదనేలలో పుట్టిన ఊరది. 1837లో నగరమను హోదా పొందినది. అచ్చట ఎక్కి చూచుటకు ఏమియు లేకపోయెను. కావున ఎక్కి చూడదగినదానిని ఆ ఊరివారు తామే కట్టుకొనిరి.

ఒకసారి కాదు, పలుమారులు కట్టుకొనిరి. 1892లో 21 అంతస్తుల మేసానిక్ టెంపుల్ లేచినపుడు దాని శిఖరముననే ఊరు చూచుటకు ఒక వేదిక నేర్పరచిరి. ఆ భవనము 1939లో నేలమట్టమైనది. అది లేచిన మరుసటి సంవత్సరమే, 1893లో, ప్రపంచ ప్రదర్శనకై జార్జి ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తున ఉక్కుచక్రమును నిలిపి, 36 పెట్టెలలో ఒక్కొక్కదానికి 60 మంది చొప్పున ఎక్కించి, జనమును గాలిలోనికి లేపి దింపెను. నేడు మన తిరునాళ్ళలో నిలువుగా తిరుగు పెద్ద ఉక్కు రంగులరాట్నములు దాని సంతతియే. ఆ కుతూహలమునకు పరాకాష్ఠయైనది 1974లో తెరచిన స్కైడెక్: నేలకు 1,353 అడుగుల ఎత్తున, నేడు విల్లిస్ టవర్ అను పేర చెల్లుచున్న సౌధపు నూట మూడవ అంతస్తున నున్న ఆకాశపు అరుగు.

దీనిపైకి ఎక్కువారిలో పెక్కుమంది ప్రసిద్ధ గోపురములను లెక్కించుటకు వత్తురు. అది తప్పుగాదు, అయితే గోపురములను క్రింది నుండియు చూడవచ్చును, మెడ నొప్పి పుట్టుట యొక్కటే భేదము. ఇంత ఎత్తు ఎక్కినవానికి మాత్రమే గోచరించునవి కొన్ని యున్నవి. షికాగో ప్రతిష్ఠకు మూలమైన సాహసకార్యములలో పెద్దవి యన్నియు నేలను అంటిపెట్టుకొనియే యున్నవి. వీధిలో నడచువాడు వానిపైననే నడచుచు వానిని గుర్తింపడు. వానిని చూచుటకే ఈ ఎత్తు.

తపాలా బేరముతో లేచిన సౌధము

ఈ సౌధమునకు పుట్టుపేరు సియర్స్ టవర్. మారుమూల పల్లెలోని రైతు ఇంటికి తపాలాలో కేటలాగు పంపి, కుట్టుమిషను మొదలు ఇంటికి కావలసిన దూలముల వరకు సమస్తమును ఉత్తరము మీద అమ్మి కోట్లు గడించిన సియర్స్, రోబక్ కంపెనీ, తన సిబ్బందిని ఒక్కచోట చేర్చుకొనదలచి 1970లో దీనికి పునాది త్రవ్వినది. 1973 మే నెలలో చివరి ఉక్కుదూలము పైకెక్కినది. 110 అంతస్తులు, 1,450 అడుగులు. 1998లో కౌలాలంపూరు జంట గోపురముల చేత వెనుకబడువరకు ప్రపంచమున దీనిని మించిన భవనము లేదు. కంపెనీ 1990ల నాటికి ఊరి వెలుపలికి తరలిపోయినది. 2009లో లండనుకు చెందిన బీమా దళారుల సంస్థ పేరు తలుపు మీదికెక్కినది. ఊరివారి నోట మాత్రము నేటికిని సియర్స్ టవర్ అను మాటయే నిలిచియున్నది.

దీని స్వరూపమును కల్పించిన వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహమ్; దీనికి ఎముకలను సమకూర్చిన ఇంజనీరు మన ఉపఖండపు బిడ్డ. ఢాకాలో 1929లో జన్మించి, కలకత్తా చెంతనున్న శిబ్‌పూర్ కళాశాలలోను ఢాకాలోను చదువుకొని, 1952లో ఫుల్‌బ్రైట్ విద్యార్థివేతనముతో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు వచ్చిన ఫజ్లూర్ రహమాన్ ఖాన్, ఎత్తైన మేడలను గూర్చి లోకమునకున్న అభిప్రాయమునే మార్చివేసెను. మేడ ఎత్తు పెరిగినకొలది బరువుకంటె గాలి పెద్ద శత్రువగును. భవనపు కడుపంతయు స్తంభములతో నింపి గాలిని ఎదిరింపబోయినచో ఉక్కు ఖర్చు తడిసి మోపెడగును. ఆ స్తంభములను వెలుపలి గోడలోనికి జరిపి, దగ్గర దగ్గరగా నిలిపి, దూలములతో బిగించినయెడల భవనమంతయు ఒక్క గొట్టమై గాలికి ఎదురునిలుచునని ఖాన్ నిరూపించెను. ఈ సౌధమునకై ఆయన 75 అడుగుల చదరపు గొట్టములను తొమ్మిదింటిని, వరుసకు మూడేసి చొప్పున, ఒక కట్టగా కట్టెను. గ్రాహమ్ కొన్ని సిగరెట్లను ఎగుడుదిగుడుగా పిడికిట పట్టి ఈ రూపమును చూపెనని షికాగోలో చెప్పుకొందురు. తొమ్మిదింటిలో రెండు 50వ అంతస్తున ఆగిపోవును, రెండు 66వ అంతస్తున, మూడు 90వ అంతస్తున. కడపటి రెండు మాత్రము శిఖరమునంటును. ఇంత విశాలమైన భవనమున పైకెక్కి చూచినపుడు గది చిన్నదిగా తోచుటకు కారణమదియే: సందర్శకుడు నిలుచునది మిగిలిన ఆ రెండు గొట్టములలోననే.

ఈ ఉక్కు అస్థిపంజరము అంతస్తు వెంబడి అంతస్తుగా లేచుచున్న 1971లోనే తూర్పు బెంగాలున యుద్ధము చెలరేగినది. పగలు లెక్కలు కట్టుచు, తీరిక వేళల తన జన్మభూమి బాధితులకై అమెరికాలో నిధులు కూర్చుటకును జనాభిప్రాయమును కూడగట్టుటకును పాటుపడిన ఖాన్, 1982లో జెద్దాలో కన్నుమూసెను. సౌధపు పాదమున నున్న వీధికూడలికి నగరపాలకులు ఆయన పేరు పెట్టిరి.

లిఫ్టు ఎక్కిన నిమిషములోపల చెవులు రెండుమార్లు దిబ్బడ వేయును; తలుపు తెరచుకొనును; వెలుతురు ఒక్కసారిగా మీదికి దూకును.

తూర్పు: కట్టకుండుట యను ఘనకార్యము

తూర్పు కిటికీ వద్ద నిలిచినవాడు మొదట చూచునది నీరు. సుమారు 58,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల మిషిగన్ సరోవరము మన తెలంగాణ రాష్ట్రములో సగమునకు మించినది. ఉప్పు లేని సముద్రమనుటలో అతిశయోక్తి లేదు. దానికిని మేడల బారుకును నడుమ పచ్చని పట్టెడ యొకటి ఉత్తర దక్షిణములుగా పరచియున్నది. ప్రపంచమున తీరభూమికి ఎంత వెలయో ఎరిగినవారికి ఈ పచ్చిక వింత గొలుపవలెను. అంగుళమునకు బంగారపు ధర పలుకు చోట, ఇన్ని మేడలు మోచేతులతో ఒకదానినొకటి త్రోసికొనుచున్న చోట, నీటి ముందర ఎవ్వరును ఏమియు కట్టలేదేమి?

దానికి ఒక పాత పటమును ఒక మొండి మనిషియు కారణము. 1836లో నేలను ముక్కలుచేసి అమ్మునపుడు కాలువ అధికారులు తీరమున ఒక భాగమును సర్వజనుల కొరకు ఎన్నటికిని ఖాళీగా విడువవలెనని పటముపై వ్రాసియుంచిరి. 1871 మహాగ్నిలో కాలిన ఊరి శిథిలములను తెచ్చి ఆ తీరమున నీటిలో పోసిరి. బూడిదయు ఇటుకముక్కలును నేలయై, ఆ నేల నానాటికి పెరిగినది. పెరిగిన నేలపై కన్ను పడుట సహజము. బండిశాలలు వెలసినవి, చెత్తకుప్పలు వెలసినవి, రకరకముల ప్రభుత్వభవనములు కట్టుటకు ఆలోచనలు లేచినవి. అప్పుడు ఆరన్ మాంట్‌గమరీ వార్డ్ అను వర్తకుడు, పటముపైని ఆ పాత వ్రాతను పట్టుకొని 1890లో న్యాయస్థానమెక్కెను. 1911 వరకు మరల మరల ఎక్కుచునే యుండెను. పత్రికలు వెక్కిరించినవి, నగరపు ప్రముఖులు అభివృద్ధికి అడ్డుపుల్ల యనిరి. ఫీల్డ్ మ్యూజియమువంటి విద్యాసంస్థకై యైనను ఆయన లొంగలేదు. తుదకు ఇల్లినాయ్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆయన పక్షమే తీర్పు చెప్పినది. మ్యూజియము దక్షిణమునకు జరిగి, నేడు మనము చూచు చోట 1921లో తలుపులు తెరచినది.

ఇందులో ఒక చమత్కారమున్నది. ఈ వార్డ్ కూడ తపాలా వర్తకుడే. 1872లో ఆ వ్యాపారమునకు అమెరికాలో తెరతీసినవాడతడే. సియర్స్ కంపెనీకి జీవితకాలపు పోటీదారు అతని కంపెనీయే. పోటీదారులలో ఒకరు ఆకాశమును ఆక్రమించిరి. మరియొకరు నేలను ఖాళీగా ఉంచిరి. మొదటివారి అరుగెక్కి రెండవవాని కృతిని మనము చూచుచున్నాము.

1909లో డేనియల్ బర్నహామ్, ఎడ్వర్డ్ బెన్నెట్ సిద్ధపరచిన నగర ప్రణాళిక ఈ సూత్రమునే తీరమంతటికిని విస్తరింపజేసినది. పచ్చిక నడుమ 1927 నాటి బకింగ్‌హామ్ ఫౌంటెను, దక్షిణపు కొనను మ్యూజియము, మత్స్యశాల, నీటిలోనికి చొచ్చుకొనిపోయిన నేలపై 1930 నాటి ఆడ్లర్ నక్షత్రశాల వరుసగా కనబడును. ఉత్తరపు కొనను 2004లో తెరచిన మిలీనియం పార్కులో, బొంబాయిలో పుట్టిన అనీశ్ కపూర్ శిల్పము, ఊరివారు చిక్కుడుగింజ యని ముద్దుగా పిలుచు అద్దపు ఉక్కుముద్ద, పై నుండి చూచువానికి ఒక మెరుపుగా మాత్రమే తోచును.

ఆ పచ్చిక అంచుననే, మేడల సందులలో, కంచు సింహములు కాపున్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనమున్నది. 1893 సెప్టెంబరు 11వ తేదీన సర్వమత మహాసభలో స్వామి వివేకానందుడు ప్రసంగించినది అచ్చటనే. మదరాసులో ఆయన శిష్యులు ఇల్లిల్లు తిరిగి చందాలు పోగుచేసి ఓడ ఎక్కించిరి. ఆ చందాల ఫలము ఈ పైకప్పు క్రిందనే పండినది. భవనము ముందరి వీధిభాగమునకు గౌరవార్థము ఆయన పేరున్నది.

ఉత్తరము: వెనుకకు నడచిన నది

ఉత్తరపు కిటికీ నుండి, సరోవరమును విడిచి పడమరకు వచ్చి, రెండు పాయలుగా చీలు నది కనబడును. ఆకుపచ్చని ఆ నీటిపాయ చూపునకు సాధువైనదే. కాని అది పుట్టుకతో ప్రవహించిన దిక్కున నేడు ప్రవహించుట లేదు.

నేల పల్లమగుటచే షికాగోలో మురుగు పారుటకు వాలు లేకపోయెను. విషూచి వచ్చి వందలాది ప్రాణములు తీసికొని పోవుచుండెను. 1855లో ఎల్లిస్ చెస్‌బ్రో అను ఇంజనీరు, నేలను త్రవ్వి కాలువలు దింపుటకు వీలులేనందున, కాలువలను నేలమీదనే పరచి ఊరినే పైకెత్తవలెనని నిర్ణయించెను. వీధులను మట్టితో ఎత్తుచేసిరి. ఇటుక మేడల క్రింద వందలకొలది జాకీలు నిలిపి, ఈల వేసినపుడెల్ల కూలీలందరు ఒక్కొక్క మలుపు త్రిప్పగా, లోపల దుకాణములు నడచుచుండగనే మేడలను అడుగులకొలది పైకి లేపిరి. మురుగు నదిలోనికి పారినది. నది సరోవరములోనికి పారినది. సరోవరపు నీరే ఊరికి మంచినీరు. మంచినీటికై చెస్‌బ్రో సరోవరగర్భమున రెండు మైళ్ళు సొరంగము త్రవ్వించెను. నీటి నడుమ గుండ్రని చిన్న కోటలవలె దూరమున కనబడు కట్టడములు అటువంటి సొరంగముల ముఖద్వారములే. అయినను ఊరు పెరుగగా మురుగు అంతవరకు చేరదొడగెను.

అప్పుడు నదినే త్రిప్పివేసిరి. 28 మైళ్ళ కాలువను, కొంత దూరము రాతిని తొలిచి, నదికంటె లోతుగా త్రవ్వి 1900 జనవరిలో గండి తెరచిరి. సరోవరములోనికి పారుచుండిన నది సరోవరము నుండి పారుట మొదలిడి, మురుగును మిసిసిపీ దారి పట్టించినది. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రము మండిపడి దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు పోయినది, 1906లో ఓడిపోయినది. ఒక ఊరి ఆరోగ్యము మరియొక ఊరి ఫిర్యాదగుట నదులకు సంబంధించిన వ్యవహారములలో కొత్తగాదు. కృష్ణా తుంగభద్రల తీరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నీటి అంచునే మరియొక సంగతి యున్నది, ఎత్తు నుండి దానికి ఆనవాలు లేదు. 1915 జూలై 24న కార్మికుల కుటుంబములతో విహారమునకు బయలుదేరనున్న ఈస్ట్‌లాండ్ అను నౌక, ఒడ్డున కట్టియుండగనే ప్రక్కకు ఒరిగిపోయి, గట్టుకు కొన్ని గజముల దూరముననే 844 మందిని పొట్టనబెట్టుకొన్నది. నేడచ్చట పర్యాటకుల పడవలు ఆగును.

నదికి ఆవల నిలిచిన ప్రముఖులను త్వరగా పలుకరింపవచ్చును. 1930లో కట్టిన మర్చండైజ్ మార్ట్ ఒక వీధినంతయు ఆక్రమించి కూర్చున్నది. 1964 నాటి మెరీనా సిటీ జంట గోపురములను ఊరివారు మొక్కజొన్న పొత్తులందురు. గింజలవలె గుండ్రని వసారాలు, అడుగు అంతస్తులలో అంచుకు మూతులు పెట్టి నిలిపిన కార్లు. వానికి దూరమున, నల్లని ఒంటిపై పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు దాల్చినది 2018 వరకు జాన్ హాన్‌కాక్ సెంటర్ అనబడిన 100 అంతస్తుల సౌధము. ఖాన్, గ్రాహమ్‌ల పూర్వకృతి అది. దాని పాదమున, ఎంత వెదకినను తటాలున దొరకనంత చిన్నదై, 1869 నాటి సున్నపురాతి నీటిగోపురమున్నది. మహాగ్ని చుట్టుప్రక్కల నంతయు మింగి దానిని విడిచిపెట్టినది.

దక్షిణము: ముఖము లేని ధాన్యదేవత

ఆగ్నేయముగా, మూడు వీధుల అవతల, పిరమిడు కప్పుగల బూడిదవన్నె భవనమొకటి క్రిందుగా కనబడును. అది షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్. అమెరికా మైదానములలో పండిన గోధుమకును మొక్కజొన్నకును, ఇంకను పండనివానికి సైతము, ధర నిర్ణయించిన బజారు. 1848లో ఏర్పడినది, ప్రస్తుత భవనము 1930 నాటిది. దాని శిఖరమున 31 అడుగుల అల్యూమినియము విగ్రహము నిలిచియున్నది: రోమనుల ధాన్యాధిదేవత సెరెస్, ఒక చేత గోధుమ వెన్నుల కట్ట, మరియొక చేత మొక్కజొన్నల సంచి.

ఆ దేవతకు ముఖము లేదు. కన్నులు, ముక్కు, పెదవులు ఏవియు లేక నున్నగా నుండును. శిల్పి జాన్ స్టోర్స్, ఆరువందల అడుగుల ఎత్తున నున్న విగ్రహపు ముఖమును ఎవరు చూడవత్తురని తలచి, చెక్కక విడిచెనని ప్రతీతి. ఆనాడు అంత ఎత్తున మరియొక కిటికీ లేదు. నేడు ఆమెకు రెండింతలకు పైబడిన ఎత్తున మనము నిలిచి, ఆమె నడినెత్తిని చూచుచున్నాము. ముప్పది నలుబది యేండ్లలో లోకము ఎంత పైకి లేచునో ఊహింపగలవాడు శిల్పులలోనైనను అరుదు.

ఆ పరిసరములలోననే లాసాల్, ఆడమ్స్ వీధుల మూలన, 1885లో విలియమ్ లె బారన్ జెన్నీ కట్టిన హోమ్ ఇన్సూరెన్స్ భవనముండెను. గోడలమీద గాక లోహపు చట్రముమీద బరువు నిలిపిన పది అంతస్తుల ఆ మేడను ఆకాశహర్మ్యములకు ఆదిపురుషుడందురు. 1931లో దానిని కూల్చిరి. దానికి ప్రతిపక్షము ఇప్పటికిని బ్రతికియున్నది: 1891 నాటి మోనాడ్‌నాక్, 16 అంతస్తుల బరువును ఇటుకగోడలే మోయవలసి వచ్చుటచే, నేలమట్టమున వాని మందము ఆరడుగులు. ఇటుకతో అంతకుమించి ఎక్కుట వ్యర్థమని ఆ భవనమే సాక్ష్యము చెప్పుచున్నది. ఖాన్ గొట్టముల కట్టకు చేరుకొనుటకు నగరము నడచిన దారి యంతయు ఈ నాలుగు వీధులలోననే యున్నది.

చూపును ఇంకను దక్షిణమునకు సాగించినచో, మూడు మైళ్ళ దూరమున, మీస్ వాన్ డెర్ రోహె రూపకల్పన చేసిన ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. ఖాన్ అచ్చట పాఠములు చెప్పెను; ఏటేట మన తెలుగు విద్యార్థులు పుస్తకముల సంచీలతోను ఆవకాయ సీసాలతోను అచ్చట దిగుచుందురు.

పడమర: గాజు గూడు, గీతల నేల

ప్రతివారము ఈ కిటికీ అద్దములపై వందలాది నుదుటి ముద్రలు పడుచుండెనట. ఎంత ఎత్తునకు వచ్చినను మనుష్యుడు నేరుగా తన కాళ్ళ క్రిందికి చూడగోరును. దానికై నుదురు అద్దమున కానించును. ఆ మరకలు తుడిచి తుడిచి, యజమానులు 2009లో పడమటి గోడ నుండి నాలుగు అడుగులకు పైగా వెలుపలికి పొడుచుకొని వచ్చు గాజు గూళ్ళను అమర్చిరి. కప్పు, గోడలు, నేల సమస్తమును గాజే. అరంగుళపు పలకలు మూడు అతికించిన నేల. శుభ్రపరచునపుడు వానిని లోనికి లాగుకొందురు. 2014లో ఒక రాత్రి, పైపూత పగిలి సాలెగూడువలె బీటలు వారగా, లోపలనున్నవారు గుండెలు చేతబట్టుకొని వెలుపలికి వచ్చిరి. గీతలు పడకుండ వేసిన పూతయే గాని గాజునకు హాని లేదని పరీక్షలో తేలినది.

వేసవిలో అచ్చట ఒక గడియ నిలిచినచో తెలుగు వినబడకపోదు. కోటా చీర కట్టి, చీరపై కోటు తొడిగిన ఒక పెద్దమ్మ గాజు అంచున ఆగిపోయెను.

“నేనిక్కడే ఉంటాలేరా అబ్బాయ్, మీరు దిగండి ఫోటో.”

“ఏం కాదమ్మా, ఏనుగు నిలుచున్నా ఆపుతుందట. రా.”

ఆమె ఒక క్షణము ఆలోచించి, చెప్పులు విడిచి ప్రక్కనబెట్టి, కొడుకు మోచేయి పట్టుకొని లోనికి కాలు మోపెను. వట్టికాళ్ళ క్రింద 1,353 అడుగుల శూన్యము. దాని అడుగున వాకర్ డ్రైవు, పసుపుపచ్చని టాక్సీలు, నది. కొంత తడవు మాటలేదు.

“మనిల్లెటురా?”

“అదిగో, ఆ రోడ్డు తిన్నగా పోయి పోయి మసకైపోతోందే, దానికింకా అవతల.”

“అరోరా గుడీ అటేగా?”

“అటేనమ్మా.”

“అయితే సరే” అని ఆమె ఆ దిక్కునకు చేతులు జోడించెను. పడమటి శివారుననున్న అరోరా పట్టణమున వేంకటేశ్వరస్వామికి 1980లలో కోవెల వెలసినది; తెలుగు కుటుంబములు దాని చుట్టుప్రక్కల ఊళ్ళలో పెక్కుగా స్థిరపడినవి. ఏ ఎత్తెక్కినను మనుష్యుడు మొదట వెదకునది తన యిల్లే యని ఆమె ప్రశ్న తెలుపుచున్నది.

ఆమె చూచిన రోడ్డు తిన్నగా పోవుటకు కారణమున్నది. పడమట షికాగో యంతయు గళ్ళ కాగితము. 1785లో అమెరికా ప్రభుత్వము పడమటి నేలలను చదరపు మైళ్ళుగా కొలిపించి అమ్మకానికి పెట్టినది. ఆ మైళ్ళ గీతలే నేటి పెద్ద వీధులు. స్టేట్, మాడిసన్ వీధుల కూడలిని సున్నగా నెంచి, మైలుకు 800 చొప్పున ఇండ్లకు నంబర్లు వేసిరి. కావున నంబరు విన్నవాడు దూరము చెప్పగలడు. ఇంత క్రమమైన గళ్ళకు అడ్డముగా కొన్ని వీధులు ఐమూలగా పోవుచుండును. వాయవ్యమునకు సాగు మిల్వాకీ అవెన్యూ వానిలో ముఖ్యమైనది. అవి గళ్ళకంటె పాతవి. ఆదివాసులైన పొటవాటమీ ప్రభృతులు చిత్తడి లేని మెరకను వెదకికొని నడచిన కాలిబాటలు. 1833 ఒడంబడికతో ఆ జనులను మిసిసిపీ ఆవలకు పంపివేసిరి. వారి నడక మాత్రము తారు క్రింద నిలిచిపోయినది.

నైరుతిగా, మైలు దూరములోననే, డీకోవెన్ వీధి. 1871 అక్టోబరు 8 రాత్రి ఓలియరీ కుటుంబపు పశువులకొట్టము చెంత నిప్పంటుకొని, రెండు దినములలో మూడు చదరపు మైళ్ళకు పైగా కాల్చివేసి, సుమారు 300 ప్రాణములను బలిగొని, లక్షమందిని వీధిపాలు చేసినది. ఐర్లండు నుండి వలసవచ్చిన బీదరాలి ఆవు లాంతరును తన్నెనను కట్టుకథ లోకమంతట వ్యాపించినది; 1997లో నగరసభ ఆమెను, ఆవును నిర్దోషులుగా తీర్మానించినది. ఆ చోట నేడు అగ్నిమాపకదళపు శిక్షణాలయమున్నది. మనము నిలిచిన సౌధపు స్థలమును ఆనాడు కాలినదే.

వెళ్ళువారికి నాలుగు మాటలు

ప్రవేశము జాక్సన్ వీధి వైపున. మబ్బు క్రిందుగానున్న దినమున టికెట్టు కొనరాదు. నేలపై వాన లేకున్నను పైన తెల్లని పత్తి తప్ప ఏమియు కనబడదు. నిర్మలమైన దినమున ఇల్లినాయ్, ఇండియానా, విస్కాన్సిన్, మిషిగన్ నాలుగు రాష్ట్రములు అగపడును. సూర్యాస్తమయమునకు గంట ముందు చేరినవారికి పగలు, సంధ్య, దీపములు మూడును ఒక్క టికెట్టుతో దక్కును. గుంపును ఆ వేళనే హెచ్చుగా నుండును. గాజు గూట నిలుచుటకు ఒక్కొక్క కుటుంబమునకు నిమిషమో నిమిషమున్నరయో ఇత్తురు. దిక్కులు తీరికగా చూచిన పిమ్మటనే ఆ వరుసలో నిలుచుట మేలు. వసంతమున, శరత్తున పక్షులు వలసపోవు వారములలో రాత్రివేళ మేడలు అలంకారదీపములు ఆర్పును. వెలుగునకు భ్రమసి అద్దములకు కొట్టుకొని చచ్చు పిట్టల నిమిత్తమై ఊరు పాటించు మర్యాద యది. గాలి హెచ్చిన దినమున భవనము కొన్ని అంగుళములు ఊగును. అది దాని ధర్మమని ఎరిగినవానికి భయము లేదు.

మనకు మిగులు ప్రశ్న

మన భాగ్యనగరమునను పడమటి వైపున, కోకాపేట పరిసరముల, యాభై అంతస్తులకు మించిన నివాససౌధములు లేచుచున్నవి. వానిలో నేడో రేపో ఒకదానిపై ఇటువంటి అరుగు వెలయును. జనము టికెట్టు కొని ఎక్కుదురు. అచ్చట నుండి వారేమి చూతురు? మేడలు చూతురనుట నిశ్చయము. వానితోపాటు గండిపేట చెరువును చూడగలుగుదురా యనుట అసలు ప్రశ్న.

షికాగోకు 1871 అగ్ని యెటువంటిదో భాగ్యనగరమునకు 1908 మూసీ వరద అటువంటిది. ఆ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చెప్పిన ఉపాయముననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరు (ఈ గండిపేట చెరువే), 1927లో హిమాయత్‌సాగరు నిండినవి; ఊరు మునుగుట తప్పినది, త్రాగుటకు నీరు దొరికినది. వాని చుట్టునున్న నేలలో కట్టడములను నియంత్రించుచు 1996లో వెలువడిన 111వ నంబరు జీవో, దాని చుట్టు నేటికిని సాగుచున్న వాదోపవాదములు పాఠకులు ఎరిగినవే. మిషిగన్ తీరమున నూరేండ్లకు పూర్వము జరిగిన తగవునకును దీనికిని స్వభావమున భేదము లేదు: ఒక పాత కాగితము, దానిపై ఒక నిషేధము, ఆ నిషేధమును అభివృద్ధికి అడ్డంకిగా చూచు పెద్దలు.

ఎత్తైన మేడను డబ్బున్న ఏ నగరమైనను అయిదారేండ్లలో కట్టుకొనగలదు. దాని శిఖరమున నిలిచి చూడదగిన బయలును కట్టుట అసాధ్యము. ఉన్నదానిని నిలుపుకొనుటయే మార్గము. షికాగోలో ఒక వర్తకుడు ఇరువదియొక్క యేండ్లు కోర్టుల చుట్టు తిరుగుటచే తూర్పు కిటికీలోని దృశ్యము దక్కినది. మన గండిపేట మన అరుగునకు దక్కవలెనన్నచో, ఆ తిరుగుట అరుగు తెరచిన నాడు గాక, దాని పునాది పడకమునుపే మొదలు కావలసియున్నది.